బెర్లిన్ ఆఫర్ వచ్చింది, బీటెక్ మెకానికల్‌తో బ్లూ కార్డ్ వస్తుందా?

నల్లకుంట_సాయి
6 జనవరి 2026, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

నాది 2017 బీటెక్ మెకానికల్, జేఎన్‌టీయూహెచ్ అఫిలియేటెడ్ కాలేజీ. బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో రెండున్నరేళ్లు చేశాను. జీతం పెరగలేదు. అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్, పైథాన్ నేర్చుకుని 2020లో డేటా వైపు వచ్చేశాను. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో మూడేళ్లు దాటి చేశాను. 2023 అక్టోబర్ నుంచి గచ్చిబౌలిలో ఉన్నాను.

పోయిన నెల బెర్లిన్ నుంచి డేటా ఇంజనీర్ ఆఫర్ వచ్చింది. వెళ్లడానికి నేను చూస్తున్నది బ్లూ కార్డ్, అంటే నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకు అక్కడ ఉండి పని చేసుకోమని ఇచ్చే పర్మిట్. ఏడాదికి ఫిక్స్‌డ్ 48,000 యూరోలు, పనితీరును బట్టి బోనస్ 4,000 వరకు. జాయినింగ్ ఏప్రిల్ 1. ఇక్కడేమో నోటీస్ పీరియడ్ 90 రోజులు.

నిన్న ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. "మొత్తం 52,000 అవుతోంది, బ్లూ కార్డ్‌కి 50,700 చాలు, జీతంతో ఇబ్బంది లేదు. కానీ మెకానికల్ చదివి ఐటీ ఉద్యోగమంటే రిజెక్టే. లక్షా ఎనభై వేలు కడితే ప్రొఫైల్ మేం సెట్ చేస్తాం" అన్నారు. అప్పటి నుంచి టెన్షన్. మా ఆవిడ డెంటిస్ట్, పాపకు పద్నాలుగు నెలలు. వాళ్లని వదిలి వెళ్లలేను. ఆ డబ్బు కట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

మ్యూనిక్_మాధవి
7 జనవరి, ఉదయం 9:05

సాయి గారూ, ముందు ఆ లక్షా ఎనభై వేలు జేబులోనే ఉంచుకోండి. వాళ్లు చెప్పిన రెండు మాటలూ తప్పే.

మొదటిది జీతం. లెక్కలోకి వచ్చేది గ్యారంటీగా ఇచ్చే గ్రాస్ జీతం, అంటే పన్నులు పోకముందు అంకె. పనితీరును బట్టి ఇచ్చే బోనస్‌ని కలపరు. కాబట్టి మీ అంకె 48,000 మాత్రమే, 50,700 దాటలేదు. కంగారు పడకండి, చెబుతాను. 50,700 అనేది మామూలు ఉద్యోగాలకు. మనుషుల కొరత ఉన్న వృత్తులకు తక్కువ లిమిట్ ఉంది, 2026లో అది 45,934 యూరోల 20 సెంట్లు. ఐటీ అందులోకే వస్తుంది. మీ ఫిక్స్‌డ్ జీతం దానికి సరిపోతుంది.

ఈ అంకెలు ప్రతి జనవరికీ మారతాయి. 2025లో 48,300, 43,759.80 ఉండేవి. డిసెంబర్‌లో ఆఫర్ తీసుకుని జనవరిలో అప్లై చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

రెండోది డిగ్రీ. 2023 నవంబర్‌లో జర్మనీ చట్టం మారింది. ఐటీ పని చేసేవాళ్లకు అసలు డిగ్రీ లేకపోయినా బ్లూ కార్డ్ ఇస్తారు. గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు డిగ్రీ స్థాయి ఐటీ పని చేసి ఉండాలి, ఆ అనుభవం ఇప్పుడు చేయబోయే ఉద్యోగానికి అవసరమైనదై ఉండాలి, జీతం ఆ తక్కువ లిమిట్ దాటాలి. ఇవన్నీ మీకున్నాయి. మెకానికల్ డిగ్రీని మధ్యలోకి తేవాల్సిన పనే లేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
7 జనవరి, ఉదయం 10:40

అక్కా, డిగ్రీకీ ఉద్యోగానికీ సంబంధం ఉండాలని అందరూ అంటారు కదా? మా రూమ్మేట్‌ది సివిల్, అందుకే భయపడి అప్లై చేయలేదు. సాయి అన్నా, కంపెనీతో మాట్లాడి 50,700 చేయించుకుంటే ఈ గొడవే ఉండదేమో?

స్టుట్‌గార్ట్_శ్రీను
7 జనవరి, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, జీతం పెంచుకుంటే మంచిదే, కానీ ఈ సమస్య దాంతో తీరదు. డిగ్రీ చూపించి బ్లూ కార్డ్ అడిగితే ఆ చదువుకు తగ్గ ఉద్యోగమేనా అని చూస్తారు. అనుభవం చూపించి అడిగితే చూసేది వేరు. సాయి వెళ్లాల్సింది రెండో దారిలో. ఆ దారిలో జీతం ఎంతున్నా వాళ్ల ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ ఆమోదం కావాలి. అదే పని చేసే స్థానికులకు ఇస్తున్నంత మీకూ ఇస్తున్నారా అని వాళ్లు చూస్తారు. లిమిట్ దాటడం ఒక పరీక్ష, ఇది ఇంకో పరీక్ష.

నేను వచ్చింది కొత్త చట్టానికి ముందు, మెకానికల్ ఉద్యోగానికే. అప్పుడు అనాబిన్ చూసుకున్నాం. విదేశీ యూనివర్సిటీలకు జర్మనీలో ఎంత గుర్తింపు ఉందో చెప్పే డేటాబేస్ అది. డిగ్రీ దారిలో వెళ్లేవాళ్ల కోసం చెబుతున్నాను: అందులో కాలేజీ పేరు వెతికి, దొరకలేదని బెంబేలు పడకండి. డిగ్రీ ఇచ్చింది యూనివర్సిటీ, ఆ పేరే వెతకాలి. యూనివర్సిటీకి హెచ్ ప్లస్, అంటే గుర్తింపు ఉందన్న గుర్తు, ఉండాలి, మీ డిగ్రీ జర్మన్ డిగ్రీకి సమానమని విడిగా రాసి ఉండాలి. రెండింటి ప్రింటూ పెట్టాలి. డిగ్రీ అందులో లేకపోతే జడ్‌ఏబీ అనే సంస్థ దగ్గర పోలిక సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, ఫీజు 208 యూరోలు.

సాయీ, నీకు అసలు పని ఎక్స్‌పీరియన్స్ లెటర్ల దగ్గరుంటుంది. అవి ఎలా ఉన్నాయి?

నల్లకుంట_సాయి
7 జనవరి, రాత్రి 10:50

మాధవి గారూ, శ్రీను అన్నా, నిన్నటి నుంచి ఇప్పుడే కాస్త అన్నం సహించింది.

లెటర్ల దగ్గరే చిక్కు. ఇప్పటి కంపెనీలో రెండేళ్ల మూడు నెలలే. మూడేళ్లు చూపించాలంటే మాదాపూర్ కంపెనీ లెటర్ తప్పదు. వాళ్లిచ్చిన రిలీవింగ్ లెటర్ నాలుగు లైన్లు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు "అసోసియేట్"గా పని చేశాడు, భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం, అంతే. ఏం పని చేశానో ఒక్క ముక్క లేదు. హెచ్‌ఆర్‌కి మూడు మెయిల్స్ పెట్టాను. "కంపెనీ ఫార్మాట్ ఇదే, మార్చడం కుదరదు" అన్నది ఒక్కటే జవాబు.

మ్యూనిక్_మాధవి
8 జనవరి, ఉదయం 8:30

హైదరాబాద్ నుంచి వచ్చే ఫైళ్లలో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే. మన దగ్గర రిలీవింగ్ లెటర్ అంటే బాకీలేం లేవని చెప్పే కాగితం. ఇక్కడ ఆఫీసర్‌కి కావలసింది మీరు రోజూ చేసిన పని. "అసోసియేట్" అంటే డేటా పైప్‌లైన్ కట్టినవాడో, డేటా ఎంట్రీ చేసినవాడో ఆయనకెలా తెలుస్తుంది?

మెయిల్స్ ఆపి, మీరే లెటర్ రాసుకుని వెళ్లండి. హోదా, నెలతో సహా తేదీలు, ఫుల్ టైమ్ అన్న మాట, ఏ టూల్స్ వాడి ఏం కట్టారో ఐదారు వాక్యాలు. నిజంగా చేసిందే రాయండి, ఒక్క ముక్క పెంచొద్దు. సంతకం పెట్టేవాళ్ల ఫోను, మెయిల్ ఉండాలి, ఎందుకంటే ఎంక్వైరీకి ఫోన్ చేయొచ్చు. దాంతోపాటు ఫారం 16లు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ పెట్టండి. పీఎఫ్‌లో చేరిన తేదీ, మానిన తేదీ ప్రభుత్వ రికార్డుగా ఉంటాయి.

బెర్లిన్ కంపెనీని "ఎర్‌క్లేరుంగ్" ఫారం అడగండి. ఉద్యోగ వివరాలు వాళ్లు నింపి సంతకం పెట్టేది. అందులో పని వివరణ, మీ లెటర్లలోని పని ఒకదానికొకటి సరిపోవాలి.

ఇంకో మాట: వీసా చేతికి రాకుండా రిజైన్ చేయకండి. జాయినింగ్ జరపమని ఇప్పుడే అడగండి. 90 రోజుల నోటీస్ అంటే ఇక్కడివాళ్లకు కొత్త కాదు, ఇక్కడా మూడు నెలల నోటీస్ మామూలే.

ఉప్పల్_రాధిక
8 జనవరి, మధ్యాహ్నం 12:10

కన్సల్టెన్సీ మాట వచ్చింది కాబట్టి నా సంగతి చెబుతాను. 2024లో నేనూ ఒకచోట తొంభై వేలు కట్టాను. బ్లూ కార్డ్ అన్నారు. తీరా వాళ్లు నింపింది ఆపర్చునిటీ కార్డ్ దరఖాస్తు. అది 2024 జూన్ నుంచి వచ్చిన వేరే పద్ధతి. కనీసం ఆరు పాయింట్లుంటే ఏడాది వరకు అక్కడికెళ్లి ఉద్యోగం వెతుక్కోవచ్చు, వెతికినన్నాళ్లు వారానికి ఇరవై గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. ఆ పద్ధతి చెడ్డదని కాదు, దాన్ని బ్లూ కార్డ్ అని అమ్మడమే మోసం. బ్లూ కార్డ్‌కి చేతిలో ఆఫర్ ఉండాలి, కనీసం ఆరు నెలల కాంట్రాక్ట్. ఆఫర్ లేకుండా బ్లూ కార్డ్ ఇప్పిస్తామని ఎవరన్నా లేచి వచ్చేయండి. నా డబ్బు తిరిగి రాలేదు, ఇంకొకరిది పోకూడదని రాస్తున్నాను.

సాయి గారూ, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉందా? పెళ్లి ఫొటోలు, గుడి రసీదు పనికిరావు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుది కావాలి.

నల్లకుంట_సాయి
8 జనవరి, రాత్రి 9:45

ఉంది రాధిక గారూ. కానీ పేర్లతో బెంగగా ఉంది. పాస్‌పోర్ట్‌లో నా ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంది. బీటెక్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పేరుకు ముందు. మా ఆవిడ పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు. పాప బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరు సగమే పడింది. ఒకే ఇంట్లో ముగ్గురం, కాగితాల్లో ముగ్గురు కొత్తవాళ్లలా ఉన్నాం.

ఉప్పల్_రాధిక
8 జనవరి, రాత్రి 10:30

తెలుగువాళ్లందరికీ ఉండే ఇబ్బందే ఇది. వాళ్లకు పాస్‌పోర్టే ప్రమాణం. మీ ఆవిడ ఇంటిపేరు వేరుగా ఉండటం తప్పేం కాదు, మార్చొద్దు. ఇప్పుడు మారిస్తే ఆమె బీడీఎస్ సర్టిఫికెట్లన్నీ వేరే పేరులో పడతాయి. మీ ఇనీషియల్‌కి టెన్త్ మెమో, నోటరీ అఫిడవిట్ పెట్టండి. పాప సర్టిఫికెట్‌లో తండ్రి పేరు మాత్రం ఇప్పుడే సరిచేయించండి. అది ఆమె జీవితాంతం వెంట వస్తుంది.

కూకట్‌పల్లి_కుర్రాడు
9 జనవరి, ఉదయం 9:20

ఈ సర్టిఫికెట్లకి అపోస్టిల్, అంటే కాగితం అసలుదేనని విదేశాల కోసం మన ప్రభుత్వం వేసే స్టాంపు, వేయించాలా? మా బంధువు అమెరికాకు వేయించాడు.

స్టుట్‌గార్ట్_శ్రీను
9 జనవరి, సాయంత్రం 6:00

జర్మనీకి పనికిరాదు. ఇండియా 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం పెట్టింది. అందుకని మన అపోస్టిల్‌ని ఇక్కడ ఒప్పుకోరు. అనుమానం వస్తే సర్టిఫికెట్‌ని వాళ్లే విచారణకు పంపిస్తారు, దానికి నెలలు పట్టవచ్చు. స్టాంపు కోసం ఏజెంట్‌కి డబ్బివ్వకండి. కాగితంలో ఉన్నది నిజమై, స్పష్టంగా ఉండేలా చూసుకోండి.

డాక్టరమ్మ_లైప్జిగ్
10 జనవరి, రాత్రి 8:15

సాయి గారూ, నేనూ బీడీఎస్, సికింద్రాబాద్‌లో చదివాను. మీ ఆవిడ కోసం రాస్తున్నాను, ఆమెకు ఇది చదివి వినిపించండి.

బ్లూ కార్డ్ ఉన్నవారి భార్యకో భర్తకో వీసాకి ముందు జర్మన్ పరీక్ష అక్కర్లేదు. దిగిన తర్వాత ఏ ఉద్యోగమైనా చేయొచ్చు, విడిగా పర్మిట్ వద్దు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఎవరూ చెప్పనిది ఏమిటంటే, డెంటిస్ట్‌గా పేషెంట్ నోట్లో చేయి పెట్టాలంటే వీసా ఇచ్చే హక్కు చాలదు. అప్రోబాత్సియోన్ అనే లైసెన్స్ కావాలి. భాషా స్థాయిలు ఏ1 నుంచి సీ2 దాకా ఉంటాయి. లైసెన్స్‌కి జర్మన్ బీ2, ఆపైన వైద్య భాషలో సీ1 స్థాయి పరీక్ష. మన బీడీఎస్ సిలబస్‌ని ఇక్కడి దానితో పోల్చి, తేడాలుంటే జ్ఞాన పరీక్ష పెడతారు.

నాకు ఇక్కడికొచ్చాక మూడేళ్లు పట్టింది. హైదరాబాద్‌లో రోజుకు పదిహేను మంది పేషెంట్లను చూసినదాన్ని, ఇక్కడ ఏడాదిన్నర ఒక క్లినిక్‌లో సహాయకురాలిగా ట్రేలు సర్దాను. మొదటి ఆరు నెలలు రాత్రుళ్లు ఏడ్చాను. చెయ్యొద్దని అనడం లేదు. మీ కార్డ్ మీ ఒక్కరి అర్హత మీద వస్తోంది, దానికోసం ఆమె తన అర్హతను కొన్నాళ్లు పక్కన పెట్టాలి. ఆ మాట ఇద్దరూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి, ఎయిర్‌పోర్ట్‌లో కాదు. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే జెంట్రుమ్‌లో ఆమెను రేపే చేర్చండి. ఆమె సిలబస్ కాపీ, గంటల లెక్కతో, కాలేజీ సంతకంతో అక్కడుండగానే తీసుకోండి. ఇక్కడి నుంచి తెప్పించుకోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

నల్లకుంట_సాయి
11 జనవరి, రాత్రి 11:55

డాక్టరమ్మ గారూ, వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాపను పడుకోబెట్టి వచ్చి, "ఈ మూడేళ్ల సంగతి నీకు తెలుసా?" అని అడిగింది. నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. నా జీతం, నా లిమిట్, నా లెటర్లు, ఇవే చూసుకున్నాను. ఈ రెండు రోజులు మేం వేరే ఏదీ మాట్లాడుకోలేదు. వెళ్దామనే అనుకుంటున్నాం, కానీ ముందు ఆమె సిలబస్ కాపీ, తర్వాతే నా రాజీనామా. ఈ షరతు ఆమె పెట్టింది, నేను ఒప్పుకున్నాను.

సైదాబాద్_మాస్టారు
12 జనవరి, ఉదయం 6:10

నాయనా, నేను రిటైర్డ్ లెక్కల టీచర్ని. మా అబ్బాయి 2022 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాడు. మీరంతా బిడ్డల గురించి, భార్య గురించి రాస్తుంటే నాకూ ఒకటి అడగాలనిపించింది. తల్లిదండ్రులను అక్కడికి తీసుకెళ్లడానికి ఇప్పుడు వీలుందని ఎవరో అన్నారు. నిజమేనా?

మ్యూనిక్_మాధవి
12 జనవరి, మధ్యాహ్నం 1:00

మాస్టారూ, నమస్కారం. ఉంది, కానీ మీ అబ్బాయికి వర్తించదు, చెప్పడానికి బాధగా ఉంది. 2024 మార్చి 1 లేదా ఆ తర్వాత మొదటిసారి నైపుణ్య ఉద్యోగ పర్మిట్ తీసుకున్నవారే తల్లిదండ్రులను తెచ్చుకోగలరు. అంతకు ముందు వచ్చినవాళ్లకు ఈ వీలు లేదు. వర్తించేవాళ్లు కూడా అమ్మానాన్నల ఖర్చంతా భరించగలమని చూపించాలి, వాళ్లకు హెల్త్ ఇన్సూరెన్స్ ఏర్పాటు చేయాలి. అరవై ఐదు దాటినవారికి ఇక్కడ ఇన్సూరెన్స్ దొరకడం చాలా కష్టం. విజిట్ వీసాలో 180 రోజుల్లో 90 రోజుల వరకు మీరు వచ్చి ఉండొచ్చు.

సైదాబాద్_మాస్టారు
12 జనవరి, సాయంత్రం 5:30

ఉన్నది ఉన్నట్టు చెప్పావు తల్లీ, సంతోషం. తొంభై రోజులంటే మనవడికి ఎక్కాలు నేర్పడానికి సరిపోతాయి.

నల్లకుంట_సాయి
24 జనవరి, రాత్రి 10:15

లెటర్ వచ్చింది! ఎలా వచ్చిందో చెప్పాలి, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది.

మాధవి గారు చెప్పినట్టు లెటర్ రాసుకుని మాదాపూర్ ఆఫీసుకి వెళ్లాను. హెచ్‌ఆర్ లోపలికి రానివ్వలేదు. రిసెప్షన్‌లో కూర్చున్నాను. పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకా. అప్పుడు అకౌంట్స్ చూసే పెద్దాయన టీకి బయటికొచ్చి గుర్తుపట్టారు. "ఏం బాబూ, పెళ్లికి పిలవలేదే" అన్నారు. కాగితం చూపించాను. నిలబడే మొత్తం చదివి, "ఇందులో అబద్ధమేం లేదు కదా" అని నన్నే తీసుకుని ఎండీ గదిలోకి వెళ్లారు. ఎండీ ఒక్క వాక్యం కొట్టేశారు. నేను ఒక్కణ్నే చేశానని అర్థం వచ్చేలా ఉన్న దాన్ని "టీమ్‌లో భాగంగా" అని మార్చారు. న్యాయమే. లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీసి, సంతకం, స్టాంపు, కింద ఆయన మొబైల్ నంబర్.

అన్నీ ఆన్‌లైన్ కాన్సులర్ పోర్టల్‌లో అప్‌లోడ్ చేశాను. మా ముగ్గురి దరఖాస్తులూ కలిపే. జాయినింగ్ మే 4కి జరిపారు.

కూకట్‌పల్లి_కుర్రాడు
25 జనవరి, ఉదయం 8:00

అన్నా, కంగ్రాట్స్! ఒక డౌట్. ఈ కార్డ్ వచ్చాక కంపెనీ తీసేస్తే ఏమవుతుంది? పర్మనెంట్ రెసిడెన్సీ రావడానికి 33 నెలలంటగా?

స్టుట్‌గార్ట్_శ్రీను
25 జనవరి, మధ్యాహ్నం 3:40

33 పాత లెక్క తమ్ముడూ. ఇప్పుడు 27 నెలలు, జర్మన్ ఏ1 ఉంటే చాలు. బీ1 ఉంటే 21 నెలలే. ఆ నెలలన్నీ పెన్షన్ కట్టి ఉండాలి. ఉద్యోగం పోతే రెండు వారాల్లోపు ఫారినర్స్ ఆఫీసుకి చెప్పాలి. దాచిపెట్టకూడదు. కార్డ్ తీసుకుని రెండేళ్లు కాకపోతే కొత్తది వెతుక్కోవడానికి మామూలుగా మూడు నెలలు ఇస్తారు, దాటితే ఆరు. నాకు 2023లో ఉద్యోగం పోయింది. రెండో రోజే మెయిల్ పెట్టాను, డెబ్బై రోజుల్లో ఇంకోటి దొరికింది. ఆ డెబ్బై రోజులు ఇంట్లో అమ్మకు చెప్పలేదు, ఆఫీసుకి మాత్రం చెప్పాను. మొదటి ఏడాదిలో కంపెనీ మారినా ముందుగా వాళ్లకు తెలియజేయాలి, 30 రోజుల్లోపు అభ్యంతరం చెప్పే హక్కు వాళ్లకుంది. ఏడాది తర్వాత ఆ బెడద లేదు.

నల్లకుంట_సాయి
19 మార్చి, సాయంత్రం 7:25

మూడు పాస్‌పోర్టులూ వచ్చాయి. మూడింటిలోనూ డీ వీసా, అంటే ఎక్కువ కాలం ఉండటానికి ఇచ్చేది! బ్లూ కార్డ్ అసలుది బెర్లిన్‌లో ఇస్తారు. ఈ ఉదయమే రిజైన్ చేశాను. 90 రోజుల్లో సగం బై-అవుట్‌కి, అంటే ఆ రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లడానికి, మేనేజర్ ఒప్పుకున్నారు.

మా ఆవిడ సిలబస్ కాపీ ఫిబ్రవరిలోనే వచ్చింది, 412 పేజీలు. ఆమె ఏ1 పాసైంది. నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ. రాధిక గారూ, పాప సర్టిఫికెట్‌లో నా పేరు పూర్తిగా పడింది.

డాక్టరమ్మ_లైప్జిగ్
19 మార్చి, రాత్రి 9:00

చాలా సంతోషం. దిగగానే రెండు వారాల్లో అడ్రస్ రిజిస్టర్ చేయించండి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. అద్దె ఒప్పందం ఒక్కటే చాలదు. పాపకు కిటా గుట్‌షైన్‌కి, అంటే డే కేర్ వోచర్‌కి, వెంటనే అప్లై చేయండి. బెర్లిన్‌లో ఫీజు లేదు, సీటు దొరకడమే కష్టం. పాప కిటాకి వెళ్తేనే మీ ఆవిడకి బీ2 క్లాసుకి టైమ్ దొరుకుతుంది. కిండర్‌గెల్డ్‌కి, అంటే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బుకి, కూడా అప్లై చేయండి, 2026లో నెలకు 259 యూరోలు. బెర్లిన్ నుంచి లైప్జిగ్ ట్రైన్‌లో గంటన్నర కూడా పట్టదు. నా నోట్స్ అన్నీ ఆమెకు ఇస్తాను. మెసేజ్ పెట్టమనండి.

బాలానగర్_నవీన్
20 మార్చి, ఉదయం 7:50

సాయి అన్నా, నాది కూడా మెకానికలే. నువ్వు చేసిన మెషిన్ షాపుల పక్కనే ఉంటాను. ఐటీలోకి వచ్చి నాలుగేళ్లయింది. నా రిలీవింగ్ లెటర్‌లో కూడా "అసోసియేట్" అనే ఉంది.

నల్లకుంట_సాయి
20 మార్చి, ఉదయం 8:05

నవీన్, ఇవాళ సాయంత్రం పేర్లు కొట్టేసి నా లెటర్ నకలు నీకు పంపుతాను. దాన్ని కాపీ కొట్టకు, నువ్వు చేసిన పని నువ్వే రాయి. రాశాక ఇక్కడ పెట్టు, అందరం చూస్తాం. ఆఫీసుకి టీ టైమ్‌లో వెళ్లు.